మర్రి నీడన కవిత.. ట్యాబ్‌లో కథ

నంబులపూలకుంట: పాఠశాల విహారయాత్ర అనగానే బస్సు, పులిహోర పొట్లం, అందరూ వరుసగా నిలబడి దిగే ఫొటో గుర్తుకొస్తాయి. మరునాడు తరగతి గదిలో ‘నేను చూసిన ప్రదేశం’ అంటూ పది వాక్యాల వ్యాసం రాయిస్తారు. ఆ పది వాక్యాల్లో విద్యార్థి కంటితో చూసినవి ఎన్ని, నోటీసు బోర్డు నుంచి ఎత్తి రాసినవి ఎన్ని అన్నదే అసలు ప్రశ్న. ప్రకృతి యాత్రకు కవితా రచనను, డిజిటల్ కథనాన్ని జోడించే పద్ధతి ఈ ప్రశ్నకు కొంత సమాధానం చెబుతుంది. అందుకు కావలసిన వనరులన్నీ శ్రీసత్యసాయి జిల్లా నంబులపూలకుంట మండలంలోనే ఉన్నాయి.

కదిరికి సుమారు 25 కిలోమీటర్ల దూరంలో గూటిబయలు వద్ద ఉన్న తిమ్మమ్మ మర్రిమాను 1989లో గిన్నిస్ పుస్తకానికెక్కింది. 19,107 చదరపు మీటర్లు, అంటే సుమారు 4.7 ఎకరాల మేర విస్తరించి, వెయ్యికి పైగా ఊడలతో నిలిచిన ఈ వృక్షాన్ని అటవీశాఖ సంరక్షిస్తోంది. జిల్లా విద్యార్థులకు ఇంతకు మించిన ప్రకృతి ప్రయోగశాల వేరొకటి లేదు.

చూడటమే మొదటి పాఠం

మర్రిమాను వద్ద ‘ఇది చాలా పెద్ద చెట్టు’ అని ఎవరైనా రాస్తారు. నేల తాకిన ఊడకూ, ఇంకా గాలిలో వేలాడుతున్న ఊడకూ తేడా ఏమిటని అడిగితే విద్యార్థి దగ్గరికి వెళ్లి చూడాల్సి వస్తుంది. నేల తాకిన ఊడ వేరై నీటిని పీలుస్తుంది, క్రమంగా కాండంలా లావెక్కి పై కొమ్మను మోస్తుంది. హౌరా సమీపంలోని శిబ్‌పూర్ ఉద్యానంలో ఉన్న ప్రఖ్యాత మర్రికి శిలీంద్రం సోకడంతో 1925లో ప్రధాన కాండాన్నే తొలగించారు. అయినా అది ఊడల ఆధారంగా నేటికీ బతికే ఉంది.

మర్రిపండు కూడా ఒక పాఠమే. మర్రికి పూలు లేవని పిల్లలు అనుకుంటారు. నిజానికి పూలు కాయ లోపలే ఉంటాయి. వాటికి పరాగ సంపర్కం చేసేది కంటికి ఆననంత చిన్న కందిరీగ జాతి పురుగు. పండును తిన్న పక్షులు, గబ్బిలాలు గింజలను దూరాలకు చేరుస్తాయి. ఒక ఊడ చుట్టుకొలతను దారంతో కొలవడం, ఒక కాయను కోసి చూడటం, అరగంట సేపు మౌనంగా కూర్చుని వినిపించిన పక్షుల కూతలను రాసుకోవడం.. ఈ మూడు పనులు చేసిన విద్యార్థికి రాయడానికి సొంత సరుకు దొరుకుతుంది.

వేమన నడిచిన నేల

కవిత్వం ఈ ప్రాంతానికి కొత్త కాదు. వేమన సమాధి స్థలంగా ప్రసిద్ధమైన కటారుపల్లి, కదిరి సమీపంలోని గాండ్లపెంట మండలంలోనే ఉంది. ఆ పద్యాలను సేకరించి సి.పి. బ్రౌన్ 1829లో ఆంగ్లానువాదంతో ముద్రించారు. వేమన ఎంచుకున్న ఆటవెలది నేటికీ బడిపిల్లలకు అందే ఛందస్సే. ఒకటి, మూడు పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు, రెండు, నాలుగు పాదాల్లో అయిదేసి సూర్యగణాలు ఉంటాయి. తరగతి గదిలో గణవిభజన కేవలం మార్కుల ప్రశ్న. మర్రి కింద కూర్చుని తాను చూసినదాన్ని నాలుగు పాదాల్లో ఇమిడ్చే ప్రయత్నం చేసినప్పుడు అదే ఛందస్సు పనిముట్టు అవుతుంది. ఛందస్సు కుదరని వారు వచన కవిత రాయవచ్చు. కంటితో చూడనిది రాయకూడదన్న ఒక్క నియమం చాలు.

ట్యాబ్ చేతికొచ్చింది.. పని రాలేదు

డిజిటల్ కథనం అంటే రంగురంగుల సాఫ్ట్‌వేర్ కాదు. 1990లలో అమెరికాలోని కాలిఫోర్నియాలో జో లాంబర్ట్, డానా ఆచ్లీ తదితరులు రూపుదిద్దిన పద్ధతి చాలా సాదాసీదాది. సామాన్యుడు తన అనుభవాన్ని తన గొంతుతోనే చదివి, కొన్ని ఫొటోలు జోడించి, రెండు నుంచి అయిదు నిమిషాల చిత్రంగా మలచడమే అది. అందుకు ఒక ఫోను చాలు.

రాష్ట్రంలో 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి విద్యార్థులకు, ఉపాధ్యాయులకు కలిపి 5 లక్షలకు పైగా ట్యాబ్‌లు పంపిణీ చేశారు. నాడు-నేడు కింద పలు బడులకు డిజిటల్ తెరలు వచ్చాయి. ఈ పరికరాలన్నీ ప్రధానంగా పాఠాలు చూపించడానికే ఉద్దేశించినవి. ట్యాబ్‌ల్లో పాఠ్యాంశాలు సమకూర్చిన బైజూస్ సంస్థ 2024 జులైలో దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. ఎక్కడో తయారైన పాఠాన్ని చూడటానికే పరిమితమైన పరికరం, ఆ పాఠం పాతబడగానే మూలన పడుతుంది. విద్యార్థి తన ఊరి చెట్టు గురించి తానే కథ తయారు చేస్తే ఆ పరికరానికి పని తప్పదు.

తిమ్మమ్మ కథ చెప్పేదెలా?

ఇక్కడే ఉపాధ్యాయుల వివేకానికి పరీక్ష ఎదురవుతుంది. 1434లో భర్త చితిపై తిమ్మమ్మ సహగమనం చేసిందని, ఆ చితికి నాటిన గుంజే మర్రిగా చిగురించిందని స్థానికుల విశ్వాసం. పిల్లల కథల్లో ఇది తప్పక వస్తుంది. సతీ సహగమన నిరోధక చట్టం 1987 ఆ ఆచారాన్ని కీర్తించడాన్ని కూడా నేరంగా పరిగణిస్తోంది. అలాగని కథను దాచిపెట్టడం పరిష్కారం కాదు. ‘పెద్దలు ఇలా చెబుతారు’ అని విశ్వాసాన్ని విశ్వాసంగానే నమోదు చేయడం, ఆనాటి స్త్రీల స్థితిగతులను చర్చించడం, చెట్టు జీవశాస్త్రాన్ని వేరుగా వివరించడం నేర్పితే పిల్లలకు ఐతిహ్యానికీ, చరిత్రకూ, విజ్ఞానానికీ మధ్య గీత కనిపిస్తుంది. పాఠ్యపుస్తకం ఇంత తేలికగా నేర్పలేని విషయమిది.

ఇదే మండలంలో మరో దృశ్యమూ ఉంది. అల్ట్రా మెగా సౌర విద్యుత్ పార్కులో ఎన్టీపీసీ 2016లో 250 మెగావాట్ల కేంద్రాన్ని ప్రారంభించింది. మర్రి ఆకూ, సౌర ఫలకమూ పట్టేది ఒకే ఎండను. ఒకటి దానిని ఆహారంగా, మరొకటి విద్యుత్తుగా మారుస్తుంది. ఒకచోట నీడ కింద పక్షులు గూడు కడతాయి. మరోచోట ఒకనాటి పొలాలు, మేత బీళ్లు కంచెల వెనక్కి వెళ్లాయి. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసే కథ బయటి నుంచి వచ్చే రచయిత కంటే ఈ మండలం విద్యార్థికే బాగా తెలుసు.

చేయాల్సింది ఇదీ..

జాతీయ విద్యావిధానం 2020 ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు పది రోజుల బస్తా లేని బడిని సూచించింది. ఇందులో ఒక రోజును మర్రిమానుకు కేటాయించడం కష్టమేమీ కాదు. శివరాత్రి జాతర రద్దీ రోజులను మినహాయించి, ఒక్కో బృందానికి పరిమిత సంఖ్యను నిర్ణయించాలి. లేత ఊడలు తాకిడికి దెబ్బతింటాయి కాబట్టి అటవీ సిబ్బంది తోడుండాలి. వారు ఊడలను నేలకు ఎలా మళ్లిస్తున్నారో పిల్లలు వారినే అడిగి తెలుసుకోవచ్చు.

ఫోన్లు, ట్యాబ్‌లు ఉదయం పూట సంచిలోనే ఉండాలి. మొదట చూడటం, తర్వాత రాయడం, చివరనే ఫొటో తీయడం. ఈ వరుస తారుమారైతే కవిత పోయి సెల్ఫీ మిగులుతుంది. పిల్లల ముఖాలు, పేర్లు బయటపెట్టే ముందు తల్లిదండ్రుల అనుమతి తీసుకోవాలి. 18 ఏళ్లలోపు వారి సమాచారం విషయంలో 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం చెబుతున్నదీ ఇదే. తయారైన కథలను ముందుగా బడిలోని తెరపై, గ్రామస్థుల సమక్షంలో ప్రదర్శిస్తే తప్పొప్పులు అక్కడే తేలుతాయి.

ఇందుకు ప్రత్యేక నిధుల కంటే విద్య, అటవీ శాఖల సమన్వయం, తెలుగు, సైన్సు ఉపాధ్యాయులు కలిసి కూర్చునే ఒక సాయంత్రం ముఖ్యం. ఇన్నాళ్లూ ఎందరో వచ్చి మర్రిమాను గురించి రాసి వెళ్లారు. ఆ నీడలో పెరుగుతున్న పిల్లలు రాసిన మాట కూడా అందులో చేరాలి. ఆ అవకాశం కల్పించే బాధ్యత అధికారులపై, ఉపాధ్యాయులపై ఉంది.