మురుగు తేరుకుంది, లోహం ఎక్కడికి పోయింది?

సువర్ణరేఖ, ఖర్కాయి నదులు కలిసే చోట జంషెడ్‌పూర్ ఉంది. ఊరి మురుగు నేరుగా నదిలో పడకుండా శుద్ధి చేయడానికి అక్కడ కేంద్రాలున్నాయి. ఏ ఊళ్లోనైనా ఇలాంటి కేంద్రం పనితీరును బయటికి వచ్చే నీటిని చూసే లెక్కగడతారు. అడుగున మిగిలిన బురద సంగతి అడిగేవారు తక్కువ. ఉక్కు నగరంలో మాత్రం ముందు అడగాల్సింది దాని గురించే.

మురుగులోని సేంద్రియ పదార్థాన్ని సూక్ష్మజీవులు తినేస్తాయి. కాడ్మియం, సీసం, క్రోమియం, నికెల్ అలా కావు. అవి మూలకాలు, వాటిని ఏ బ్యాక్టీరియా కూడా విడగొట్టలేదు. నీటిలో తేలే రేణువులకు, సూక్ష్మజీవుల గుంపులకు అంటుకుని, వాటితోపాటే అడుగుకు దిగుతాయి. నీరు ఎంత బాగా శుభ్రపడితే బురదలో అంత లోహం చేరుతుందన్నమాట. ఎండబెట్టినా, వేడి చేసినా రోగక్రిములు చస్తాయి గానీ లోహం చావదు. కంపోస్టు చేస్తే ఇంకో చిక్కు ఉంది. సేంద్రియ పదార్థం కుళ్లి బరువు తగ్గుతుంది, లోహం అంతే ఉంటుంది. దాంతో కిలో బురదలో దాని వాటా పెరుగుతుంది.

అయినా ఈ బురదను పారేయమనడం తెలివి కాదు. అందులో నత్రజని, భాస్వరం ఉన్నాయి. రైతుకు అది చవకైన ఎరువు. అయితే ఛోటానాగ్‌పూర్ పీఠభూమిలో ఎర్రనేలలు చాలావరకు ఆమ్ల గుణం ఉన్నవి. ఆమ్ల నేలలో కాడ్మియం, నికెల్ వంటివి సులువుగా కరిగి వేళ్లకు అందుతాయి. పాలకూర లాంటి ఆకుకూరలు కాడ్మియాన్ని బాగా పీల్చుకుంటాయి. అది ఏళ్ల తరబడి మూత్రపిండాల్లో పేరుకుంటుంది. జపాన్‌లో జింజు నదీతీరాన గని నుంచి వచ్చిన కాడ్మియం వరి పొలాల్లో చేరి ఇటాయ్ ఇటాయ్ వ్యాధి తెచ్చింది. దాని కారణాన్ని ఆ దేశ ప్రభుత్వం అధికారికంగా ఒప్పుకున్నది 1968లో. దగ్గర్లోనే సింగ్‌భూమ్ రాగి గనుల పట్టీ ఉంది కాబట్టి, బురద వేయకముందే ఇక్కడి నేలలో ఎంత లోహం ఉందో కొలవాలి.

మన ఎరువుల నియంత్రణ ఉత్తర్వు, 1985 ప్రకారం నగర చెత్తతో చేసిన కంపోస్టులో కిలోకు కాడ్మియం 5 మిల్లీగ్రాములు, సీసం 100 దాటకూడదు. యూరప్ 1986 ఆదేశం పొలానికి వెళ్లే బురదలో కాడ్మియాన్ని 20 నుంచి 40 వరకు ఒప్పుకుంది. ఆ లెక్కన మన హద్దు గట్టిదే. కానీ హద్దులో ఉన్న బురదనే హెక్టారుకు ఏటా 10 టన్నులు వేసినా 50 గ్రాముల కాడ్మియం చేరుతుంది. ఇరవై ఏళ్లకు అది కిలో. పై 15 సెంటీమీటర్ల మట్టి సుమారు 2,000 టన్నులు అనుకుంటే, కిలో మట్టికి అర మిల్లీగ్రాము పెరిగినట్టు. మామూలు నేలలో మొత్తం కాడ్మియమే సాధారణంగా ఒక మిల్లీగ్రాము లోపు ఉంటుంది. కాబట్టి బురద నాణ్యత ఒక్కటే చూస్తే చాలదు, ఒక పొలానికి ఇప్పటిదాకా ఎంత వేశారో కూడా రాసి ఉంచాలి.

అసలు మందు మాత్రం గొట్టం మొదట్లోనే ఉంది. ఇళ్ల మురుగులోనూ కొంత జింకు, రాగి వస్తాయి గానీ, క్రోమియం, నికెల్ భారం ఎక్కువగా ఎలక్ట్రోప్లేటింగ్ వంటి పనుల నుంచి వస్తుంది. ఖర్కాయి అవతల ఆదిత్యపూర్‌లో వందలాది చిన్న పరిశ్రమలున్నాయి. అలాంటి చోట్ల ఆ నీరు ఇళ్ల మురుగులో కలవకముందే లోహాన్ని విడదీయాలి. ఒకసారి కలిశాక, కొద్దిపాటి లోహం కోసం కొండంత బురదను శుద్ధి చేయాల్సి వస్తుంది. పటాన్‌చెరు పారిశ్రామిక జలాలను గొట్టం ద్వారా అంబర్‌పేట వైపు పంపిన హైదరాబాద్‌కూ ఈ లెక్క వర్తిస్తుంది.

పరీక్షలు ఖరీదు అనే మాట జంషెడ్‌పూర్‌లో చెల్లదు. జాతీయ లోహశోధన ప్రయోగశాల 1950 నుంచి ఆ ఊళ్లోనే ఉంది. ప్రతి విడత బురదకూ లోహాల పరీక్ష చేసి, ఆ కాగితాన్ని బండితోపాటే రైతు చేతికి ఇవ్వాలి. హద్దు దాటిన విడత పొలానికి కాక, అడుగున పొర వేసిన సురక్షిత గుంతకు వెళ్లాలి. కాల్చేస్తే సరిపోతుందనుకుంటే, ఆ బూడిదను కూడా మళ్లీ పరీక్షించాల్సిందే. పాదరసం లాంటిది కొంత పొగలో పోయినా, మిగతా లోహం చాలావరకు అందులోనే ఉంటుంది.