ఎసరు పెట్టుట నేర్పని చదువు

ప్రతి యేటా ఆగస్టు మాసము సమీపించుసరికి, పై చదువులకై అమెరికా వెళ్లు మన బిడ్డల పెట్టెలలో ఆవకాయయు, కందిపొడియు, చిన్న కుక్కరును, పోపుల డబ్బాయు ఎంతో మక్కువతో సర్దు తల్లిదండ్రులు, ఆ కుక్కరును పొయ్యిమీద పెట్టు విధమును, ఆ పోపును మాడనీయక దింపు విధమును మాత్రము బిడ్డకు నేర్పుట మరచుచున్నారు. 2023–24 విద్యాసంవత్సరమున ఆ దేశపు విద్యాసంస్థలలో నున్న భారతీయ విద్యార్థులు 3,31,602 మంది. ఆ యేట మరి యే యితర దేశమునుండియు అంతమంది అచ్చటికి రాలేదు. వారిలో తెలుగువారు గణనీయముగా నున్నారని వేరుగా చెప్పనక్కరలేదు. వీరిలో ఎందరు ఇల్లు విడుచుటకు ముందు ఒక్కనాడైనను స్వహస్తముతో ఎసరు పెట్టియుందురు?

నలుగురైదుగురు కూడి అద్దెకు దిగిన యిండ్లలోనో, వసతిగృహమున ఒక అంతస్తు వారికెల్ల ఉమ్మడిగా నుండు వంటగదిలోనో వీరు వంతులవారీగా వండుకొందురు. తొలి దినములలో అన్నము చిమిడిపోవుట, పప్పు పలుకుగా మిగులుట, కూర అడుగంటుట సహజము. వానికై యెవ్వరును చింతింప బనిలేదు. చింతింపవలసినవి వేరు. మన యింట గ్యాసుపొయ్యి కట్టిన మరుక్షణమే మంట ఆరును. అక్కడి విద్యుత్తు పొయ్యి అట్టిది కాదు, మీట త్రిప్పి ఆపినను దాని చుట్ట చాలసేపు కణకణలాడుచునే యుండును. ఇంటి అలవాటున, పొయ్యి ఆపితిని గదా యను ధీమాతో నూనె మూకుడును దానిపైననే విడిచి, అమ్మతో ఫోనులో మాటలాడుటకై గదిలోనికి పోయిన కుర్రవాడు మరలివచ్చుసరికి నూనె పొగలు గ్రక్కుచుండును, ఆవాలు బొగ్గులై యుండును, ఎండుమిరపకాయల ఘాటు కంటికిని గొంతుకును అడ్డుపడుచుండును. కిటికీ తెరువవలసినది పోయి, తొందరలో నడవలోనికి గల తలుపు తెరచినచో, ఆ పొగ నడవలోని పొగసూచికను చేరి, ఒక్క గదిలో ముగియవలసిన చిక్కు భవనమంతటికిని ప్రాకి, మంచు కురియు నడిరేయియైనను అందరును వెలుపల నిలువవలసి వచ్చును.

ఈ తలవంపులకు వెరచి, వంట మొదలిడుటకు ముందు పొగసూచికకు ప్లాస్టిక్ సంచి తొడుగు విద్యార్థులును, దాని బ్యాటరీ ఊడదీయు విద్యార్థులును ఉన్నారు. ఇంతకుమించిన దుస్సాహసము లేదు. ప్రక్క గదులలో ఆదమరచి నిద్రించువారికి ఆపద వేళ కావలియున్నది ఆ సాధనమొక్కటియే గదా! అమెరికాలో ఇండ్లయందు జరుగు అగ్నిప్రమాదములకు వంటయే ప్రథమ కారణమని అక్కడి జాతీయ అగ్నిరక్షణ సంఘము ఏండ్ల తరబడి చెప్పుచున్నది; అట్టిచోట ఆ కావలిని తొలగించుట క్షమింపరానిది.

మూకుడులోని నూనె అంటుకొన్నచో ఏమి చేయవలెను? వంట యెరుగని పదిమందిని అడిగినచో పలువురు నీళ్లు పోయవలెననియే చెప్పుదురేమోయని నా భయము. నీరు నూనెకంటె బరువైనది గావున అడుగునకు దిగి, ఆ వేడికి తత్క్షణమే ఆవిరియై, తన మొదటి పరిమాణమునకు వేయిరెట్లకు పైగా వ్యాకోచించి, మండుచున్న నూనెను ముఖముమీదికిని కప్పుమీదికిని చిమ్మును. చేయవలసినదెల్ల పొయ్యి కట్టి, మూకుడుమీద సరిపడు మూత బోర్లించి, పూర్తిగా చల్లారువరకు దానిని కదల్పకుండుటయే. ఇంటర్మీడియట్ భౌతికశాస్త్రములో బాష్పీభవన గుప్తోష్ణమునకు లెక్కలు కట్టి పూర్తి మార్కులు తెచ్చుకొన్న బాలుడు, అదే ధర్మము తన మూకుడులో పనిచేయుచుండగా చెంబుతో నీళ్లందుకొనుచున్నాడన్నచో, ఆ తప్పు వానిది కాదు, వానికి చదువు చెప్పిన మనది.

కుక్కరు సంగతియు అంతే. కందిపప్పు నురుగు కట్టి ఆవిరిగొట్టమునకు అడ్డుపడును గావున సగమైనను నిండకుండ పోయవలెననియు, లోపల నీరు సుమారు 120 డిగ్రీల వేడిమితో నుండును గావున ఆవిరి తనంత తాను దిగకమునుపు మూతను బలవంతముగా లాగరాదనియు ఇంటనున్న నాయనమ్మకు తెలియును. ఎవ్వరును ఆమె నడుగలేదు. ఉదయము వండిన అన్నమును హీటరు వేసిన గదిలో రాత్రివరకు బయటనే యుంచి మరల వేడిచేసి తినుట వలన కడుపు చెడుననియు, అట్లు నిలిచిన అన్నములో పుట్టు విషము కొంత వేడికి నశించునది కాదనియు సైతము పిల్లలకు చెప్పువారు లేరు.

ఈ యజ్ఞానము ఆకాశమునుండి ఊడిపడలేదు. పదియవ తరగతి ముగిసిననాడే బిడ్డను రెసిడెన్షియల్ కళాశాలలో చేర్చి, తెల్లవారక మునుపు మొదలై రాత్రి ప్రొద్దుపోవువరకు సాగు తరగతులకు అప్పగించి, సెలవులకు ఇంటికి వచ్చిన నాలుగుదినములును "నీవు చదువుకో నాయనా, వంటింటి జోలికి రాకు" యని గడపవద్దనే ఆపిన ప్రేమ దీనికి మూలము. ఆ ప్రేమను నేను శంకింపను. అది బిడ్డకు చేసిన అపకారమును మాత్రము కాదనలేను. పూర్వము ఆడపిల్లకైనను తప్పక అబ్బిన ఈ విద్య నేడు ర్యాంకుల పోరులో ఆమెకును దూరమైనది. మగపిల్లవానికి మొదటినుండియు లేదు. నలభీముల పేరు చెప్పి వంటను మెచ్చుకొను జాతి, తన కొడుకు గరిటె పట్టుటను చిన్నతనముగా భావించుట ఏమి న్యాయము?

1888లో లండనునకు బారిస్టరు చదువునకై వెళ్లిన మోహనదాసు గాంధీ, కొంతకాలమునకు ఖర్చు తగ్గించుకొనదలచి, ఒక్క గది అద్దెకు తీసికొని, పొయ్యి కొని, ఉదయము ఓట్స్ జావయు కోకోయు తానే కాచుకొనెను. ఆ మార్పువలన తన జీవితము నిరాడంబరమై, చదువునకు తీరికయు చిక్కెనని ఆయన ఆత్మకథలో సంతోషముతో వ్రాసికొనెను. కావున వండుకొనుట చదువునకు అడ్డను మాట నిలువదు. బయట కొనితినవచ్చును గదా యనువారు, అప్పు తెచ్చి చదువుచున్న బిడ్డ అక్కడ ఒక్కపూట భోజనమునకు ఎన్ని డాలర్లు వెచ్చింపవలెనో ఒకసారి లెక్క చూచుకొనవలెను.

నేను కోరునది పెద్ద పాఠ్యప్రణాళిక కాదు. వీసా వచ్చిన దినమునుండి విమానమెక్కు దినమువరకు గల ఆ కొద్ది వారములలో, దుకాణముల చుట్టును బంధువుల యిండ్ల చుట్టును తిరుగు కాలములో కొంత మిగిల్చి, అన్నము, పప్పు, చారు, ఒక వేపుడు బిడ్డచేతనే వండింపవలెను; కుక్కరు రబ్బరు చుట్టను వానిచేతనే కడిగించి, గొట్టమును వెలుతురున కెత్తి చూపింపవలెను; తరువాత ఒక్క పూట వంట మొత్తము వానికే విడిచి తల్లి వెలుపల కూర్చుండవలెను. ఆ పూట తండ్రియు కొడుకు ప్రక్కన నిలిచి, తనకును రాకున్నచో తానును నేర్చుకొనవలెను.