ఆకాశ దూరం – నేల మీది కాలం

దూరాన్ని కాలంతో కొలవడం మానవునికి అనాదిగా ఉన్న అలవాటు. పొరుగూరు ఎన్ని ఆమడలని అడిగినవారే, అక్కడికి ఏ పొద్దుకు చేరగలమని కూడా అడిగేవారు. కాలినడక కాలంలో ఈ రెండు ప్రశ్నలకూ సమాధానం ఒక్కటే. విమానయుగంలో ఆ పొత్తు చెదిరిపోయింది. ఇందుకు హైదరాబాదు, బెంగళూరు నగరాలే నిదర్శనం.

2008 తొలినాళ్ళ వరకు బేగంపేటలో బయలుదేరిన విమానం బెంగళూరు నగరంలోని హెచ్.ఎ.ఎల్. విమానాశ్రయంలో దిగేది. వాటి మధ్య ఆకాశమార్గం సుమారు 500 కిలోమీటర్లు. ఆ సంవత్సరం మార్చిలో శంషాబాదు, మే నెలలో దేవనహళ్ళి విమానాశ్రయాలు ప్రారంభమయ్యాయి. మొదటిది హైదరాబాదుకు దక్షిణాన, రెండవది బెంగళూరుకు ఉత్తరాన ఉన్నాయి. అందువల్ల ఆకాశ దూరం సుమారు 450 కిలోమీటర్లకు తగ్గింది. కాని నేల మీది దూరం పెరిగింది. విమానాశ్రయాలు ఒకదానికొకటి చేరువై, ప్రజలకు దూరమయ్యాయి.

గంటకు 800 కిలోమీటర్ల వేగంతో పయనించే విమానానికి ఈ దూరం దాటడానికి అరగంట పైచిలుకు చాలు. రన్‌వే చేరడం, పైకి ఎగయడం, క్రమంగా దిగడం కలిపితే గంటకు పైగా పడుతుంది. ఇంటి నుంచి విమానాశ్రయానికి గంట, తనిఖీల కోసం ముందుగా చేరవలసిన రెండు గంటలు, దిగిన తరువాత సామాను అందుకొని నగరం చేరడానికి మరో గంటన్నర కలిపి చూస్తే మొత్తం ఆరు గంటలకు చేరువవుతుంది. 2023లో ప్రారంభమైన కాచిగూడ – యశ్వంతపూర్ వందేభారత్ రైలు సుమారు ఎనిమిదిన్నర గంటలలో గమ్యం చేరుస్తుంది. ఆ రెండు స్టేషన్లూ నగరాల లోపలే ఉన్నాయి. టిక్కెట్టు మీద ఏడు గంటలుగా కనిపించే తేడా, గడప నుంచి గడపకు లెక్కిస్తే నాలుగు గంటలకు కుదించుకుపోతుంది.

పాత విమానాశ్రయాలను విడిచిపెట్టడం పొరపాటని దీని అర్థం కాదు. ఇళ్ళ మధ్య ఇరుక్కున్న బేగంపేటకు విస్తరించే వీలు లేదు. శంషాబాదులో 4,260 మీటర్ల రన్‌వే సాధ్యమైంది. లోపమంతా దారిని తరువాతి సంగతిగా భావించడంలోనే ఉంది. మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ వరకు 11.6 కిలోమీటర్ల పైవంతెన విమానాశ్రయం తెరిచిన ఏడాదిన్నరకు, 2009 అక్టోబరులో గాని అందుబాటులోకి రాలేదు. ఢిల్లీలో 2011లో ప్రారంభమైన మెట్రో మార్గం న్యూఢిల్లీ స్టేషను నుంచి ప్రయాణికులను ఇరవై నిమిషాలలో విమానాశ్రయం చేరుస్తోంది.

సొంత కారు ఉన్నవారికి ఈ జాప్యం విసుగు మాత్రమే. ఉద్యోగ పరీక్షకో, ఆపదలో ఉన్న ఆప్తుల కోసమో అప్పు చేసి టిక్కెట్టు కొన్నవారికి అది చేజారిన అవకాశం. పుష్పక్, వాయు వజ్ర వంటి బస్సులు వారికి ఆసరా. అటువంటి సౌకర్యాలు విమానాశ్రయంతోపాటే పుట్టాలి, దానితోపాటే పెరగాలి. ప్రయాణం రన్‌వే మీద మొదలు కాదు, గడప దగ్గర మొదలవుతుంది. నగరాలను నిర్మించేవారు లెక్కను అక్కడి నుంచే ప్రారంభించడం న్యాయం.