చేతికి బంగారు వాచీ, కాళ్ల కింద ఎవరి నేల?



పోస్టు కాస్త పెద్దది. ఓపిగ్గా చివరిదాకా చదవండి. తిట్టాలనిపిస్తే అప్పుడు తిట్టండి.

ఈ వేసవిలో మన తమ్ముడొకడు ఫోటో పెట్టాడు. బైకు హ్యాండిల్ మీద చెయ్యి, ఆ చేతికి మెరిసిపోతున్న బంగారు రంగు స్పోర్ట్స్ వాచీ. "రేంజ్ మారిపోయింది బ్రో", "కింగ్" అంటూ ఒకటే కామెంట్లు. అలా కామెంటు పెట్టినవాళ్లలో మేమూ ఉన్నాం. తర్వాత తెలిసింది, అది రోలెక్స్ డేటోనాకి ఫస్ట్ కాపీ అని. వాళ్లమ్మ కాఫీ గింజలు అమ్మి డీఎస్సీ కోచింగ్‌కి ఇచ్చిన డబ్బుల్లోంచి కొన్నాడు. వానలు పడేసరికి పూత లేచిపోయింది. కోచింగ్‌లో చేరలేదు.

తమ్ముణ్ని తిట్టడానికి రాయట్లేదు. ఆ ఆశ మాకూ తెలుసు. పట్నం కాలేజీలో మొదటిరోజు మన యాస విని వెనక బెంచీలో నవ్వినప్పుడు, బట్టల షాపులో మనం రేటు అడిగితే ముందు మన కాళ్ల వైపు చూసినప్పుడు మనందరికీ అనిపించిందే అది. చేతికి బంగారం ఉంటే ఒక్కసారైనా మర్యాదగా చూస్తారేమో అని. వాచీ కంపెనీవాళ్లు అమ్మేది టైమ్ కాదు, ఆ చూపునే.

టైమే కావాలంటే లెక్క చూడండి. లక్షలు పోసి కొనే ఆ మెకానికల్ వాచీ రోజుకి రెండు సెకన్లు అటూ ఇటూ తిరగొచ్చని కంపెనీయే చెప్తుంది. సంతలో దొరికే మామూలు బ్యాటరీ వాచీ నెలంతా కలిపినా పది, పదిహేను సెకన్లే తేడా వస్తుంది. డేటోనా 1963లో కారు రేసుల వాళ్ల కోసం వచ్చింది. పేరు కూడా అమెరికాలో ఫ్లోరిడాలోని రేసు ఊరిదే. డయల్ చుట్టూ ఉన్న అంకెలు కారు స్పీడు లెక్కగట్టడానికి. పాడేరు ఘాట్‌లో ఆర్టీసీ బస్సుకి అది దేనికి పనికొస్తుందో మీరే చెప్పండి.

ఇంకో ముచ్చట. 2017లో న్యూయార్క్ వేలంలో సుమారు కోటీ 77 లక్షల డాలర్లకి, అంటే అప్పటి లెక్కలో 115 కోట్ల రూపాయలు దాటి అమ్ముడైన డేటోనా ఉంది. సినిమా నటుడు పాల్ న్యూమన్‌ది. అది బంగారుది కాదు, ఉక్కుది! భార్య కొనిచ్చిన వాచీని ఆయన ఏళ్ల తరబడి పెట్టుకున్నాడు, తర్వాత చేతికి వాచీ లేని ఒక కుర్రాడికి ఊరికే ఇచ్చేశాడు. విలువ పెట్టుకున్న మనిషి వల్ల వచ్చింది, లోహం వల్ల కాదు.

ఇక బంగారం సంగతి. అసలు వాచీలో వాడేది 18 క్యారెట్, అంటే నూటికి 75 పాళ్లు మేలిమి. ఆ ఫలానా వాచీలో బంగారం ఫలానా కొండదని మేము అనట్లేదు. కానీ బంగారం దొరికిన చోట మనలాంటి వాళ్లకి ఏం జరిగిందో చరిత్రలో ఉంది. అమెరికాలో 1868 ఒప్పందం ప్రకారం బ్లాక్ హిల్స్ లకోటాలవి. 1874లో అక్కడ బంగారం కనబడింది. 1877కల్లా కొండలు లాగేసుకున్నారు. 1980లో సుప్రీంకోర్టు అది అన్యాయమే అని పది కోట్ల డాలర్లకి పైగా పరిహారం ఇమ్మంది. వాళ్లు ఆ డబ్బు ఇప్పటికీ ముట్టుకోలేదు, మా కొండలే మాకు కావాలంటున్నారు. బ్రెజిల్‌లో యనోమామిల అడవికి 1992లో హద్దులు ఖాయం చేశారు. అయినా దొంగ మైనింగ్ ఆగలేదు. బంగారం వేరుచేయడానికి వాడే పాదరసం ఏట్లోకి, చేపల్లోకి, మనుషుల ఒంట్లోకి చేరింది. 2023 జనవరిలో అక్కడ ఆరోగ్య అత్యవసర పరిస్థితి ప్రకటించాల్సి వచ్చింది.

మన దగ్గర బంగారం బదులు కాల్సైట్, బాక్సైట్. కథ మాత్రం అదే. బొర్రా దగ్గర కాల్సైట్ లీజుల మీద మన పెద్దలు నిలబడి కొట్లాడబట్టే 1997లో సమత తీర్పు వచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమినైనా గిరిజనేతరులకి, ప్రైవేటు కంపెనీలకి లీజుకివ్వకూడదంది. ఆ పోరాటం చేసిన వాళ్ల చేతికి ఏ వాచీ ఉందని ఎవరైనా అడిగారా?

కొందరు అంటారు, "అంటే ఆదివాసీ మంచి వాచీ పెట్టుకోకూడదా? ఎప్పుడూ పూసలు, ఈకలతో ఫోటోల్లోనే ఉండాలా?" అని. ఈ మాటలో న్యాయం ఉంది. మనల్ని పేదగానే చూడాలనుకునే వాళ్లంటే మాకూ మంటే. సంపాదించుకున్నవాడు తన డబ్బుతో బంగారమే పెట్టుకోనీ, ఎవరూ అడ్డు చెప్పరు. మా గొడవ అప్పు చేసి, లోన్ యాప్‌కి ఆధార్ ఇచ్చి, అమ్మ కష్టం పెట్టి, ఇంకొకడి గొప్పతనానికి నకలు కొనుక్కోవడం మీద. మనల్ని చూసి నవ్వినవాడి కొలబద్దనే తెచ్చి మనం చేతికి కట్టుకోవడం మీద.

2020లో జీవో 3 కొట్టేశారు. ఏజెన్సీలో టీచరు పోస్టులు పూర్తిగా స్థానిక గిరిజనులకే అన్న హక్కు పోయింది. ఆ తీర్పు చదివిన వాళ్లు మన గ్రూపులో ఎంతమంది? వాచీ ఫోటోకి వచ్చిన కామెంట్లలో సగమైనా ఆ పోస్టుకి వచ్చాయా? తప్పు వాచీ కొన్న తమ్ముడిది ఒక్కడిదే కాదు, "కింగ్" అని రాసిన మనందరిది.

అందుకే ఒక మాట అనుకున్నాం. ఇకనుంచి పరీక్ష పాసైన వాడి ఫోటోకి, 1/70 కేసులో ఊరి భూమి వెనక్కి తెచ్చుకున్న వాళ్ల ఫోటోకి ముందు కామెంటు మనదే ఉండాలి. ప్రతి ఆదివారం సాయంత్రం 1/70 చట్టం కాస్త కాస్తగా కలిసి చదువుదాం. మేము నలుగురం కొంత వేసుకుని ఆ తమ్ముడి కోచింగ్ ఫీజు మొదటి వాయిదా కట్టాం. తమ్ముణ్ని అడిగి, ఒప్పుకున్నాకే ఇదంతా రాశాం. రెండో వాయిదాకి ఎవరైనా కలుస్తామంటే కింద చెప్పండి.

జై ఆదివాసీ.