తెలుగుకు అంత సీను లేదా?

జుక్కల్ వైపు పల్లె మాది. అక్కను దెగ్లూరులో ఇచ్చాము. కిందటి వేసవిలో అక్కడ మా మేనల్లుని పెండ్లి జరిగింది. శుభలేఖను ఒకవైపు మరాఠీలో, మరొకవైపు తెలుగులో అచ్చువేయించాలని మేనమామగా నేను పట్టుబట్టాను. పెండ్లికొడుకు నవ్వి, "ఎవలు సదువుతరు మామా? ఈడ తెలుగుకు అంత సీన్ లేదు" అన్నాడు. ఇంటిల్లిపాదీ నవ్వారు. చివరకు తెలుగు వైపు కూడా అచ్చయింది గాని, అందులో తన పేరు ఎక్కడున్నదో ఆ పిల్లవాడు చూపలేకపోయాడు. తల్లితో నిత్యం తెలుగే మాట్లాడే పిల్లవాడు!

అతనిని నిందించడానికి ఈ వ్యాసం వ్రాయడం లేదు. అతడు తెలిసో తెలియకో ఒక నిజం పలికాడు. అది ఎంతటి నిజమో తెలియాలంటే 'సీను' అనే మాట పుట్టుక తెలియాలి.

గ్రీకు భాషలో 'స్కేనే' అంటే గుడారం, పాక. క్రీ.పూ. 5వ శతాబ్దిలో ఏథెన్సు నగరంలో నాటకమాడే స్థలం వెనుక వేసిన కట్టడాన్ని ఆ పేరుతో పిలిచారు. నటులు దానిలో వేషాలు, ముఖతొడుగులు మార్చుకొని బయటికి వచ్చేవారు. క్రీ.పూ. 458లో ఎస్కిలస్ తన 'ఒరెస్తేయా' నాటకత్రయాన్ని ప్రదర్శించేనాటికి ఆ పాక ముందరి గోడే రాజప్రాసాద ద్వారంగా కథలో భాగమైంది. చాటున ఉన్న గుడిసె పేరు క్రమంగా రంగస్థలానికి, ఆపైన అక్కడ జరిగే కథకు చెల్లింది. లాటిను, ఫ్రెంచి భాషల మీదుగా 16వ శతాబ్దిలో ఇంగ్లీషుకు చేరిన ఆ మాట, అక్కడ అంకంలోని ఒక భాగానికి పేరైంది. తరువాత రంగులు వేసిన తెరకు, కంటికి ఇంపైన ప్రకృతి దృశ్యానికి, నలుగురిలో చేసే రభసకు కూడా అదే మాట వాడారు. నేటి గ్రీకులో సైతం గుడారానికీ రంగస్థలానికీ ఒకటే మాట.

మన దేశానికి ఆ మాట నాటకాలతో వచ్చింది. ధార్వాడ నాటక సమాజాలు తెలుగునాట ప్రదర్శనలు ఇచ్చిన రోజులలోనే, 1880లో, కందుకూరి వీరేశలింగం రాజమహేంద్రవరంలో 'వ్యవహార ధర్మబోధిని'ని ఆడించారు. నాటక సమాజాలు పెరిగాయి. అడవి, కోట, వీధి చిత్రించిన తెరలను మనవారు 'సీన్లు' అన్నారు. ఆ మాటకు ఉకారం చేర్చారు, బహువచనం కట్టారు, విభక్తులు తగిలించారు. గోడకు వేలాడే బొమ్మ 'సీనరీ' అయింది. ఆ పిమ్మట సినిమా వచ్చింది. వేషధారి విలువను అతనికి దక్కిన సీన్లతో కొలిచే లోకం అది. ఆ కొలత నుంచే 'వాడికంత సీను లేదు' అనే పలుకుబడి పుట్టిందనిపిస్తుంది. ఇందులో సీను అంటే యోగ్యత, స్థాయి, పలుకుబడి. ఈ అర్థం ఇంగ్లీషులో లేదు. మాట వారిది, అర్థం మనది.

మన ఉద్యమంలో కొందరు మిత్రులు ఇటువంటి మాటలను ఏరిపారవేయడమే భాషాసేవ అనుకుంటున్నారు. వారితో నేను ఏకీభవించను. మన 'నేపథ్యం' సంగతే చూడండి. సంస్కృత నాటకంలో అది నటులు వేషం కట్టుకొనే తెరవెనుక చోటు. అచ్చంగా గ్రీకువారి 'స్కేనే' వంటిదే. ఈనాడు పత్రికలలో 'ఎన్నికల నేపథ్యంలో' అని వ్రాస్తున్నాము, సినిమాలో 'నేపథ్య గానం' వింటున్నాము. 'రంగం' కూడా అంతే. ఆటస్థలం పేరు వ్యవసాయరంగం, విద్యారంగం దాకా విస్తరించింది. పరాయి మాటను తెచ్చుకొని దానికి కొత్త అర్థం ఇవ్వగలిగిన భాష బలహీనమైనది కాదు. మా మేనల్లుడు తెలుగును తీసిపారవేసిన మాట కూడా తెలుగు పలుకుబడే కదా! బడి నేర్పని తెలుగును అతనికి సినిమా నేర్పింది. సినిమా పలుకు నేర్పగలదు, అక్షరం నేర్పలేదు.

ఇక అసలు విషయానికి వస్తాను. దెగ్లూరు, జుక్కల్, బిచ్కుంద హైదరాబాదు రాష్ట్రంలో ఒకే తాలూకా. 1956 నవంబరు 1న రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణలో నాందేడు జిల్లా బొంబాయి రాష్ట్రానికి పోయింది. దెగ్లూరు తాలూకాలోని బిచ్కుంద, జుక్కల్ సర్కిళ్ళను మాత్రం విడదీసి ఆంధ్రప్రదేశ్‌లో ఉంచారు. అవి నేడు తెలంగాణలోని కామారెడ్డి జిల్లాలో ఉన్నాయి. 1960 మే 1న ఏర్పడిన మహారాష్ట్రలోకి దెగ్లూరు చేరింది. గీతకు ఇవతల పుట్టిన మా అక్క తెలుగు బడిలో చదువుకున్నది. అవతల పుట్టిన ఆమె కొడుకుకు అక్షరం రాదు. అక్క తన చేతితో వ్రాసుకొన్న పెండ్లిపాటల పుస్తకం ఒకటి ఉన్నది. ఆమె తరువాత ఆ ఇంట్లో దానిని చదివేవారు ఉండరు. ఒక తాలూకాను చీల్చిన గీత ఒక ఇంటి నడుమ నుంచి పోవడం అంటే ఇదే.

ఈ గతి పట్టకూడదనే ఆ 1956లోనే ఏడవ సవరణ ద్వారా రాజ్యాంగంలో 350ఎ అధికరణాన్ని చేర్చారు. భాషాపరమైన అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధించడానికి తగిన వసతులు కల్పించే బాధ్యతను అది ప్రతి రాష్ట్రంపైనా ఉంచింది. తరగతిలో 10 మంది గాని, బడి మొత్తంలో 40 మంది గాని పిల్లలు ఉంటే ఉపాధ్యాయుని నియమించాలన్న సూత్రం 1949 నాటి విద్యామంత్రుల సమావేశంలోనే అంగీకరించినది. మహారాష్ట్రకు ఇది తెలియని పని కాదు. పూణేలోని బాలభారతి తెలుగులోనూ పాఠ్యపుస్తకాలు ప్రచురించింది. ముంబయి నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ పాఠశాలలు నడిపింది. మహానగరంలో సాధ్యమైనది తెలుగునేలకు ఆనుకొని ఉన్న పట్టణంలో ఎందుకు సాధ్యం కాదు?

మరాఠీపై మాకు పేచీ లేదు. 2020లో మహారాష్ట్ర అన్ని బడులలో మరాఠీని తప్పనిసరి చేస్తూ చట్టం చేసింది. ఆ రాష్ట్రంలో బ్రతికేవారు ఆ భాష నేర్చుకోవలసిందే. దెగ్లూరు తెలుగువారు నేర్చుకున్నారు కూడా. మేము అడుగుతున్నది దాని ప్రక్కన ఒక పీట మాత్రమే. నిజామాబాదు ఆసుపత్రికి పోయినవాడు అక్కడి బోర్డు చదవగలగాలి. తల్లి వ్రాసిన పాట కొడుకు పాడగలగాలి. ఇది అత్యాశ అవుతుందా?

తప్పు అవతలివారిదే అనడం కూడా న్యాయం కాదు. 2018లో తెలుగును తప్పనిసరి పాఠ్యాంశం చేస్తూ చట్టం చేసిన తెలంగాణయే, 2022–23 నుంచి ప్రభుత్వ పాఠశాలలలో ఆంగ్ల మాధ్యమాన్ని ప్రవేశపెట్టింది. "మీ హైదరాబాదుల్నే ఇంగ్లీషు మీడియమాయె, మాకెందుకు మామా?" అని మేనల్లుడు అడిగితే నా దగ్గర జవాబు లేకపోయింది. ఇల్లు చక్కదిద్దుకోనివాడి మాట పొరుగువాడు వింటాడా?

ఇక్కడ సురభి నాటక కుటుంబాలను తలచుకోవాలి. మరాఠీ మూలాలున్న కుటుంబాలు అవి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో 'కీచకవధ'తో మొదలుపెట్టి, తరాల తరబడి తెలుగు నాటకాన్ని భుజాన మోశాయి. మరాఠీ మూలాలవారి నోట తెలుగు వెలగడానికి కారణం తెలుగుకు అక్కడ ఒక రంగస్థలం ఉండడమే. తెలుగు తల్లి కడుపున పుట్టినవాడు తన పేరు గుర్తుపట్టలేకపోవడానికి కారణం దెగ్లూరులో ఆ రంగస్థలం లేకపోవడమే. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే, భాష రక్తంలో నిలుస్తుందన్న భ్రమ తొలగిపోతుంది. బడి, పుస్తకం, సభ ఉన్నచోటనే భాష నిలుస్తుంది.

కనుక మేనల్లుడు అన్నది అక్షరాలా నిజం. దెగ్లూరులో తెలుగుకు సీను లేదు. వేషం కట్టుకొని జనం ముందుకు రావడానికి ఒక పాక కూడా లేదు. నటుడు లేక కాదు, పాక లేక ఆట ఆగింది. పాక వేయడం మానవసాధ్యమైన పనే.

దెగ్లూరు, బిలోలి, ధర్మాబాద్, కిన్వట్ తెలుగు తల్లిదండ్రులకు నా విన్నపం ఇది. బడిలో చేర్చేటప్పుడు మాతృభాష గడిలో తెలుగు అని వ్రాయించండి. జనగణనకు వచ్చినవారికి అదే చెప్పండి. పదిమంది పిల్లల తల్లిదండ్రులు కలిసి తెలుగు ఉపాధ్యాయుని కోసం ప్రధానోపాధ్యాయునికి వ్రాతపూర్వకంగా అర్జీ ఇచ్చి, దాని నకలు దాచుకోండి. అర్జీ లేనిచోట అవసరం లేదని ప్రభుత్వం అనుకుంటుంది. ఇవతలి తెలుగు సంఘాలు వాచకాలు పంపాలి, సెలవులలో అక్షరాలు నేర్పేవారిని పంపాలి. ఈ వేసవికి నేను మా అక్క ఇంటి అరుగు మీద పలక పట్టుకొని కూర్చుంటాను. మొదటి విద్యార్థిగా కొత్త పెండ్లికొడుకునే కూర్చోబెడతాను. శుభలేఖ దాచి ఉంచాను. అదే అతని మొదటి వాచకం.