కూతురు 'లాంటిది'

బిమల్ రాయ్ తీసిన హిందీ సినిమా 'సుజాత' (1959) అంటరానితనం మీద గొప్ప సినిమా అని ఇప్పటికీ మెచ్చుకునేవాళ్ళున్నారు. నూతన్ బాగా చేసింది, కాదనం. టెలిఫోన్‌లో వినిపించే తలత్ మహమూద్ పాట మేమూ కూనిరాగం తీసినవాళ్ళమే. అయినా మావోళ్ళ కళ్ళతో ఒకసారి చూడండి.

కలరాలో తల్లీతండ్రీ పోయిన పసిగుడ్డు ఓ బ్రాహ్మణ ఇంజనీరు ఇంటికి చేరుతుంది. పెంచుతారు, తిండి పెడతారు, బట్టలిస్తారు. ఎవరైనా వస్తే మాత్రం ఆ ఇల్లాలు "కూతురు లాంటిది" అంటుంది. ఆ 'లాంటిది'లోనే ఉందయ్యా కులమంతా! సొంత కూతురు రమకి కాలేజీ చదువు, ఈ పిల్లకి ఇంటి చాకిరీ. పైగా ఆ రమ టాగూరు 'చండాలిక' నాటకం ఆడుతుంది. చండాలిక వేషం అగ్రకులం పిల్లకి, చండాలిక బతుకు మన పిల్లకి. ఈ ఒక్కచోట బిమల్ రాయ్‌కి దండం పెట్టొచ్చు.

సుజాత పుట్టుక ఆ ఇంట్లో పెద్ద రహస్యమట. ఎవరికి రహస్యం? పెద్దలకి తెలుసు. తెలియంది ఆ పిల్లకే. తెలిసిననాడు చావబోతుంది, గాంధీ బొమ్మ చూసి ఆగుతుంది. నాగపూరులో అంబేడ్కర్‌తో లక్షల మంది బౌద్ధం తీసుకున్నది 1956లో. మూడేళ్ళ తర్వాత వచ్చిన సినిమాకి ఆ గాలి సోకనే లేదు! పుట్టుక తెలిస్తే చావాలనిపించడమే తప్ప, ఎవరి బిడ్డనో తెలుసుకుని తలెత్తి నిలబడొచ్చని ఆ పిల్లకి చెప్పే దిక్కు లేకపోయింది.

ఇక రక్తం సంగతి. పెంచిన తల్లి మెట్ల మీంచి పడి ప్రాణం మీదికొస్తే సుజాత రక్తమే సరిపోతుంది. అప్పుడు కూతురైంది. రక్తం గ్రూపులకి కులం లేదని మేం బళ్ళో రోజూ చెప్పే పాఠమే. మరి గ్రూపు కలవకపోతే? జీవితాంతం 'లాంటిదే'నా? ప్రాణదానం చేస్తే గానీ మాకు మనిషి పుట్టుక రాదా?

ఇవాళ పట్నంలో అద్దె ఇల్లు కావాలంటే మా కుర్రోళ్ళు ఇంటిపేరు మింగేస్తున్నారు, ఊరు చెప్పి వాడ దాస్తున్నారు. అమ్మానాన్నా బతికుండగానే అనాథల్లా మెలుగుతున్నారు.

సాంఘిక సంక్షేమ హాస్టళ్ళలో ఈ సినిమా వెయ్యండి. వేసి, ఆ తల్లి మెట్ల మీంచి పడకపోయుంటే సుజాత ఏమయ్యేదో ఆడపిల్లల్నే చెప్పమనండి.