మెత్తని మాట, తప్పని లెక్క

మొన్న సాయంకాలము తిరుచానూరులో పద్మసరోవరపు మెట్లమీఁద మా ప్రక్కనే కూర్చున్న యొక చెల్లెలు కన్నీరు పెట్టుకొనినది. ఆమె యొక పొదుపు సంఘమునకు నాయకురాలు. 1982లో మొదలైన పథకము పేరుతో మనము నేఁటికిని ‘డ్వాక్రా’ యని పిలుచుకొను సంఘములలో నది యొకటి. బ్యాంకువారు అప్పును సంఘము పేరనే యిత్తురు గనుక నొకతె వాయిదా తప్పినచో అందఱకును మాట వచ్చును.

అట్లు తప్పిన సభ్యురాలిని ఈమె పదిమందిలో కటువుగా నడిగినదఁట. ఆమె సమావేశమునకు వచ్చుటయే మానినదఁట. “అక్కా! మెత్తగా నుంటిని, లోకువ చేసిరి. గట్టిగా నుంటిని, గయ్యాళి యనిరి. ఈ పెత్తనము నాకేల?” యని యామె వాపోయినది.

మాకు దుర్గాబాయిగారు స్మరణకు వచ్చిరి. 1923లో కాకినాడ కాంగ్రెసు సమయమున పదునాలుగేండ్ల యా బాలిక ఖద్దరు ప్రదర్శనశాల వాకిట సేవికగా నిలిచి, టిక్కెట్టు లేని జవహర్‌లాల్ నెహ్రూగారిని లోనికిఁ బోనీయలేదు. నిర్వాహకులు టిక్కెట్టు తెచ్చిన పిదపనే దారి విడిచినది. అందఱకు నొకటే నియమమని నిలిచినదే కాని, యెవరిని కించపఱచవలెనని కాదు. గట్టితనము వేఱు, కటువుతనము వేఱు గదా!

మా మాట విని ఆ చెల్లెలు మఱునాఁడు ఒంటరిగా ఆ సభ్యురాలి యింటికి వెళ్లినది. బిడ్డ జబ్బునకు సొమ్మంతయు వ్యయమైనదని తెలిసినది. ఆమె సమ్మతితోనే సంగతి సంఘము ముందుంచఁగా, ఆ నెలకు పొదుపు సొమ్ములోనుండి సర్దుటకును, ఆమె దానిని రెండు వాయిదాలలో తీర్చుటకును అందఱు నొప్పుకొనిరి. లెక్కయు తప్పలేదు, మనిషియు దూరము కాలేదు.

ఇంకొక మాట. నాయకురాలి మనస్సునకును ఓర్పున కొక హద్దు కలదు. బరువంతయు నొక్కతెయే మోసి రాత్రులు నిద్ర మానుట గొప్పతనము కాదు. లెక్కల పుస్తకము రెండవ నాయకురాలికి నేర్పవలెను; కొంతకాలమునకు పదవి నింకొకరి కప్పగింపవలెను. తప్పుకొనుట యెల్లప్పుడు నోటమి కాదు. దుర్గాబాయిగారు ఉప్పు సత్యాగ్రహమున చెఱసాల కేఁగి వచ్చిన పిమ్మట చదువువైపు మరలిరి. 1937లో మదరాసున ఆంధ్ర మహిళాసభను స్థాపించిరి. 1946లో రాజ్యాంగ సభలో సభ్యురాలైరి.

మన యమ్మవారి పేర 1983లో తిరుపతిలో వెలసిన పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయమున చదివి ఉద్యోగములకుఁ బోవు బిడ్డలకును ఈ చిక్కే యెదురగును. పట్టాతోపాటు ఈ రెండును వారికి ఇంటనే అలవడవలెను: తప్పును నలుగురిలో చాటక చాటున నడుగుట, అలసినపుడు అలసితి నని సిగ్గుపడక చెప్పుట.